పోపుల డబ్బాలో ఫ్యూజు

నాకు అనుమానం జాస్తి అని మా ఇంట్లో అందరూ అంటారు. నేనూ కాదనను. పాలు పోయించుకుంటే గిన్నెలో వేలు ముంచి చూస్తాను. కూరగాయల తక్కెడ పైకి లేస్తే దాని కింద చెయ్యి పెట్టి చూస్తాను. మా ఆయన పెద్ద బండి కొని తెచ్చి వాకిట్లో నిలబెట్టిన రోజు చుట్టాలంతా దాని రంగు మెచ్చుకుంటుంటే, నేను వంగి దాని కింద చూశాను. ఇంజను దగ్గర మొదలై వెనక చక్రాల దాకా పొడవాటి ఇనుప కడ్డీ ఒకటి పోయి ఉంది. అది ఎందుకో ఆ రోజు నాకు తెలియదు. తర్వాత అదే నాకు సాక్ష్యం చెప్పింది.

బండి సంగతి అర్థం కావాలంటే ముందు నా రెండెకరాల సంగతి చెప్పాలి. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో భూమి కొంత ఎయిర్‌పోర్టుకు పోయింది, కొంత రోడ్లకు పోయింది, మిగిలింది ప్లాట్లయింది. మా అత్తగారి భూమీ అట్లాగే పోయింది. ఇంట్లో మిగిలిన భూమి అంటే కొత్తూరు దారిలో వాగు పక్కన, పెళ్లప్పుడు మా బాపు పసుపు కుంకుమ కింద నా పేరు మీద పెట్టిన రెండెకరాలే. మా దిక్కు అంతా ఎర్రటి చెలక. నా చేను ఒక్కటే నల్ల రేగడి. వాన పడితే కాలు పెట్టనివ్వదు, పెట్టిన కాలు తీయనివ్వదు. దాంట్లో నేను చామంతి వేస్తాను. విమానాలు నెత్తి మీద నుంచే దిగుతుంటాయి, నేను తల ఎత్తకుండా కలుపు తీసుకుంటూ ఉంటాను.

భూమి పోయినప్పటి నుంచి మా ఆయనకు పొద్దున లేస్తే పని లేదు. తెల్ల చొక్కా వేసుకుని శంషాబాద్ చౌరస్తాలో హోటల్ ముందు ప్లాట్ల వాళ్లతో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకసారి అన్నం తింటూ అడిగాడు.

"ఆ రెండెకరాలు ఉంచుకొని ఏం జేస్తవే?"

"చామంతి పెడ్త."

"ఎన్నేండ్లు పెడ్తవ్?"

"నేనున్నన్నేండ్లు పెడ్త."

ఇంకో రెండుసార్లు అడిగాడు, నేను అదే జవాబు చెప్పాను. ఆ తర్వాత అడగడం మానేశాడు. నాకు అసలు అనుమానం అప్పుడే పుట్టింది. అడిగేవాడి మనసులో ఏముందో తెలుస్తుంది, అడగడం మానేసినవాడి మనసులో ఏముందో ఎట్లా తెలుస్తుంది? కాగితాలు నా పేరు మీద ఉన్నాయి, నా సంతకం లేకుండా అమ్మలేడు. కానీ పది మంది ముందు మాట ఇచ్చేసి వచ్చి, నా పరువు తీయకు అని కాళ్లావేళ్లా పడే మగవాళ్లను మా ఊళ్లో చాలామందిని చూశాను. వాళ్ల పెళ్లాలు చివరికి సంతకం పెట్టారు. నేను భయపడింది దానికే.

అట్లాంటి రోజుల్లో ఈ బండి వచ్చింది. పాతదే, కానీ మెరుస్తూ ఉంది. మా ఆయన నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, గేరు పక్కనున్న గుండ్రటి మీట చూపించాడు.

"గిది జూడు. రెండు మీద పెడితే ముందటి రెండు చక్రాలే గుంజుతయి. ఆటో మీద పెడితే ఎప్పుడు నాలుగు గావాలెనో బండే జూసుకుంటది. లాక్ మీద పెడితే నాలుగూ గుంజుతయి, ఎసొంటి బురదలున్నా బయటికొస్తది."

"నాలుగు గుంజుతున్నయని నీకెట్ల తెలుస్తది?"

"గీడ దీపం ఎలుగుతది."

"దీపం ఎలిగితే చక్రం గుంజినట్టేనా?"

"నీ అనుమానం పాడుగాను," అని నవ్వాడు.

నేను నవ్వలేదు. మా బాపుకు పాత జీపు ఉండేది. దానికీ నాలుగు చక్రాల పట్టు ఉండేది, కానీ మీట, దీపం ఏమీ లేవు. చేను గట్టు దగ్గర బాపు బండి ఆపి, దిగి, ముందు చక్రాల నడుమ ఉన్న బిళ్లను ఒక్కోదాన్నీ చేత్తో తిప్పి బిగించేవాడు. మళ్లీ ఎక్కి చిన్న రాడ్డు గుంజితే కింద ఇనుము ఇనుముతో కలిసిన చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు మా కాళ్లకు తెలిసేది. ముందు వెనక చక్రాలు ఒకటిగా బిగిసిపోయేవి. తారు రోడ్డు ఎక్కితే మాత్రం వెంటనే తీసేసేవాడు. గట్టి నేల మీద అట్లా బిగించి తిప్పితే మలుపులో చక్రాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుని టైర్లు కీచుమంటాయని చెప్పేవాడు. చేత్తో తిప్పి కాలితో విన్నదాన్ని నమ్మవచ్చు. పచ్చ దీపాన్ని ఏం చూసి నమ్మాలి?

ఆ ఏడు వానలు మొదలై, నా చామంతి మొక్కలు నాటి పిలకలు వేస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం బండి ఇంటికి వచ్చింది. ఆరాంఘర్ దాకా పోయి వచ్చానని మా ఆయన చెప్పాడు. ఆరాంఘర్ దారి అంతా తారే. నేను బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోతూ బండి వెనక నిలబడ్డాను. వెనక చక్రాల పైనుంచి అద్దం దాకా మట్టి చింది ఉంది. నల్ల మట్టి.

చిన్నప్పటి నుంచి ట్రాక్టర్ వెంట నడిచినదాన్ని, నాకు మట్టి చదవడం వచ్చు. ఊరికే దొర్లే చక్రం మట్టిని అంటించుకుంటుంది. గుంజే చక్రం మట్టిని ఉమ్మేస్తుంది. ఈ బండికి వెనక చక్రాలు ఊరికే దొర్లేవే. అవి అద్దం దాకా ఉమ్మాయంటే వాటితో కూడా ఎవరో పని చేయించారన్నమాట. అంటే బండి రేగడిలో దిగింది. మా ఆయన ఒక్కడే పోతే బండి గట్టు మీద ఆపి, చెప్పులు చేత పట్టుకుని నడుస్తాడు, అది ఆయన అలవాటు. బండిని చేను లోపలికి దింపాడంటే లోపల బూట్లేసుకున్న వాళ్లు ఉన్నారు. వెనక తలుపు తీసి చూశాను. కాళ్ల కింద రబ్బరు పట్టాల మీద మూడు చోట్ల నల్ల మట్టి ఎండి ఉంది.

పోయి నల్లా కింద బిందె పెట్టాను. బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. అయినా నోరు తెరవలేదు. నేను గిల్లి అడిగే రకం కాదు, పట్టుకుని అడిగే రకం.

రాత్రంతా వాన కురిసింది. పొద్దున టీ తాగుతూ ఆయనే అన్నాడు.

"నీ చేన్ల అడివి పందులు పడ్డయట. వాగు దిక్కు కొన్ని మొక్కలు తొక్కినయట."

"ఎవలు జెప్పిన్రు?"

"గా దిక్కు పోయినోళ్లు ఎవలో జెప్పిన్రులే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది. నేను పందుల మాట ఎత్తనే లేదు. ఆ రోజే షేర్ ఆటో ఎక్కి చేనుకు పోయాను. వాన గుర్తులన్నీ కడిగేసింది. కానీ వాగు దిక్కు తొక్కిన మొక్కలు రెండు సాళ్లలో తిన్నగా పడి ఉన్నాయి. పంది పడితే గుంత తవ్వుతుంది, గడ్డ వెతుకుతుంది, అడ్డదిడ్డంగా పోతుంది. తిన్నగా పోయి తిన్నగా తిరిగి వచ్చే పందిని నేను ఎక్కడా చూడలేదు.

తర్వాత వారం బండి వెనక ఎత్తుగా కనిపించింది. వెనక రెండు టైర్లు కొత్తవి, పాతవాటికంటే పెద్దవి. ముందువి పాతవే.

"గిదేంది, ఒక్కతీరు లేవు?" అన్నాను.

"ట్రాక్టర్‌కు ఎనుక పెద్దవి ముందట చిన్నవి ఉండయా? పెద్దగుంటే పట్టు బాగుంటది. చూసెటోళ్లకు షాన్ గూడ ఉంటది."

ట్రాక్టర్ తోలిన ఇంట్లో పుట్టినవాడికి అది తప్పని ఎట్లా తోస్తుంది? మాకు చక్రాలంటే అట్లాగే ఉండాలి. నిజం చెప్పాలంటే టైర్ల లెక్క నాకూ తప్పనిపించలేదు. నాకు తోచిన ప్రశ్న వేరే. చౌరస్తాకు, ఆరాంఘర్‌కు తిరిగే మనిషికి అంత పట్టు ఎందుకు? అంత పట్టు కావాలంటే మళ్లీ ఎక్కడో బురదలో దిగే ఆలోచన ఉంది.

కొన్ని రోజులకు ఆరాంఘర్ దగ్గర చుట్టాల ఇంట్లో దావత్‌కు పోయాం. ఎండ కాస్తోంది, రోడ్డు పొడిగా ఉంది. మీట ఆటో మీద ఉంది. ఊరు దాటామో లేదో పచ్చ దీపం వెలిగింది. వెలిగింది వెలిగినట్టే ఉంది. కొంత దూరం పోయాక కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ వెంటనే కాలిన నూనె వాసన.

"బురద లేదు, వాన లేదు. దీపం ఎందుకు ఎలుగుతుంది?"

"అది గంతే. కంపూటర్ బండి గదా."

"మరి వాసన?"

"ముందట పోయే లారీదే."

ముందు లారీ లేదు. నిప్పు లేనిదే పొగ రాదు, ఇక్కడ పొగ కాకున్నా వాసన వస్తోంది. దావత్‌లో మటన్ ముక్క నోట్లో పెట్టుకున్నా నాకు ఆ వాసనే తగిలింది. తిరిగి వచ్చేటప్పుడు రాజేంద్రనగర్ దారిలో మెకానిక్ దగ్గర ఆపాల్సిందేనని పట్టుబట్టాను. లేకపోతే నడిచి వస్తానన్నాను. నేను అన్నానంటే నడుస్తానని ఆయనకు తెలుసు.

మెకానిక్ నడివయసు మనిషి, మాటకారి. బండిని పైకి ఎత్తించి, టైర్ల మీద కళ్లు పడగానే నుదురు కొట్టుకున్నాడు.

"అన్నా, గీ పెద్ద టైర్లు ఎవలు ఏసుకోమన్నరు?"

"ఎనుక పెద్దగుంటే మంచిదే గదా?"

"ట్రాక్టర్‌కు మంచిదే. గీ బండికి పరేషాన్."

అంతలో మా ఆయన ఫోన్ మోగింది. నంబరు చూసుకుని రోడ్డు అవతలికి పోయాడు. ఇంట్లో మాట్లాడే ఫోన్లు ఇంట్లోనే మాట్లాడతాడు, దూరం పోయి మాట్లాడే ఫోన్లు ఈ మధ్యే మొదలయ్యాయి. నేను మెకానిక్‌తో బండి కిందికి పోయాను. అసలు ఇది ఎట్లా పనిచేస్తుందో చెప్పమని అడిగాను.

"జర ఇటు రా అక్కా, జూపిస్త," అన్నాడు. ఆ పొడవాటి కడ్డీ ముందు చక్రాలతో పాటు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుందట. కానీ వెనక చక్రాల దాకా ఆ తిరుగుడు ఊరికే పోదు. చక్రాల ముందు డోలు లాంటి ఇనుప డబ్బా ఉంది, దాన్ని కప్లింగ్ అంటారు. దాని లోపల నూనెలో పలచటి బిళ్లలు వరుసగా ఉంటాయి. బిళ్లలు విడివిడిగా ఉన్నంతసేపు కడ్డీ వట్టిగా తిరుగుతుంది, వెనక చక్రాలు ఊరికే దొర్లుతాయి. డబ్బాలో ఉన్న తీగ చుట్టకు కరెంటు వస్తే అది అయస్కాంతమై బిళ్లల్ని ఒకదానికొకటి అదుముతుంది. అప్పుడు వెనక చక్రాలు గుంజుతాయి. కరెంటు కొంచెం వస్తే కొంచెం అదుముతుంది, ఎక్కువ వస్తే గట్టిగా అదుముతుంది.

"గా కరెంటు ఎవలు ఇస్తరు?"

"కంప్యూటర్. దానికి నాలుగు చక్రాల కాడ నాలుగు సెన్సర్లున్నయి." చక్రం లోపలున్న పళ్ల చక్రాన్ని చూపించాడు. ఆ పళ్లు సెన్సర్ ముందు నుంచి పోతుంటే అది లెక్కపెట్టి, ఈ చక్రం ఇంత వేగంగా తిరుగుతోందని కంప్యూటర్‌కు చెబుతుందట. స్టీరింగ్ ఎంత తిప్పారో, యాక్సిలరేటర్ ఎంత తొక్కారో కూడా దానికి తెలుస్తుంది. మలుపులో చక్రాలు ఒక్కతీరు తిరగవు కాబట్టి ఆ మాత్రం తేడాను మన్నిస్తుంది. తిన్నగా పోతున్నప్పుడు ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ తిరిగాయంటే, అవి బురదలో జారుతున్నాయని అనుకుని రెప్ప కొట్టేలోపు వెనకకు కరెంటు పంపిస్తుంది.

నలుగురు తోడికోడళ్లు చెప్పేది విని, ఎవరినీ నమ్మని అత్త లాంటిది ఆ కంప్యూటర్. నాకు అది వెంటనే నచ్చింది. నా లాంటిది ఒకటి మా బండిలోనే ఉందని తెలియక ఇన్నాళ్లూ దాని దీపాన్ని తిట్టుకున్నాను.

"మరి ఎండల ఎందుకు ఎలుగుతుంది?"

"టైరు పెద్దగైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతది. అంటే ఎనుకయి తక్కువ చుట్లు తిరుగుతయి, ముందటివి ఎక్కువ తిరుగుతయి. కంప్యూటర్ ఏమనుకుంటది? ముందటివి జారుతున్నయనుకుంటది. రోడ్డు మీద గూడ కరెంటిచ్చుకుంటనే ఉంటది. లోపల బిళ్లలు రాసుకొని రాసుకొని నూనె కాగుతది. మరీ కాగితే అదే బంద్ జేస్కొని దీపం కొడ్తది. నాలుగు టైర్లు ఒక్కతీరు లేకుంటే గిది ఎన్నడు నిద్రపోదు అక్కా."

మాట్లాడుతూనే అతను కడ్డీ మీద చెయ్యి పెట్టి ఆగాడు. "గిదేందో సుట్టుకున్నది," అని గుంజాడు. కాషాయ రంగు నైలాన్ దారం, బారెడు వచ్చింది, ఇంకా వచ్చింది. దాంతో పాటు నలిగి ఎండిన మొక్కలు కొన్ని. ఒక ఆకు నలిపి వాసన చూశాను. కాలిన నూనె వాసనలో కూడా చామంతి ఆకు వాసన దాగలేదు.

ఆ దారం ఏమిటో నాకు తెలుసు. మా దిక్కు అందరికీ తెలుసు. చేన్లో మొదట ఆ దారం పడుతుంది, తర్వాత సున్నం గీతలు పడతాయి, తర్వాత రాళ్లు పాతుతారు. నా మొక్కల మీద దారం పట్టి కొలిచారు, ఆ దారాన్నే బండి కడ్డీ చుట్టుకుని ఇంటికి తెచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటి దొంగను బండే పట్టింది. నాకు ఏడుపు వచ్చింది, ఏడుపు కంటే ఎక్కువ ఒళ్లు మండింది. దారాన్ని చుట్టి కొంగున ముడేసుకున్నాను. మెకానిక్ నా ముఖం చూసి మళ్లీ టైర్ల పనిలో పడ్డాడు.

మా ఆయన తిరిగి వచ్చాక మెకానిక్ ఆయనకు ముక్తసరిగా చెప్పాడు. టైర్లు మార్చాలి. మార్చేదాకా ఒక ఫ్యూజు తీసి పెట్టుకోవాలి. స్టీరింగ్ కింద మూత తీసి నీలం రంగుది చూపించాడు. అది తీస్తే వెనకకు కరెంటు పోదు, బండి ముందు చక్రాలతోనే నడుస్తుంది, దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది, కానీ కప్లింగ్ కాలిపోదు.

"తియ్యకు," అన్నాడు మా ఆయన. "నాలుగు చక్రాల బండి గొని రెండు చక్రాల మీద తోలాల్నా? టైర్ల సంగతి తర్వాత జూద్దాం."

నేను మాత్రం ఆ నీలం ఫ్యూజు ఎక్కడుందో బాగా చూసుకున్నాను.

వినాయక చవితి పోయాక వానలు మళ్లీ పట్టుకున్నాయి. ఒక శనివారం ఆయన పెరట్లో ఫోన్ మాట్లాడుతుంటే కిటికీ ఇవతల బియ్యం ఏరుతూ విన్నాను. "కొలుసుడు అయిపోయింది, రేపు మీరే వచ్చి జూడుండ్రి సార్. బండి చేన్లకే పోతది. మీ బూట్లకు మట్టి గూడ అంటది అనుకుంటున్రా? అంటనే అంటదు."

ఆదివారం పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు నేను బండి తలుపు తీసి, మూత తీసి, నీలం ఫ్యూజును గోళ్లతో పట్టి గుంజాను. ఇంత చిన్న ముక్క. రైతు భూమి దీని మీద ఆగుతుందా అనిపించింది. దాన్ని పోపుల డబ్బాలో పసుపు పక్కన పెట్టి, అక్క ఇంటికి పోతున్నానని చెప్పి బయటపడ్డాను. దీన్ని తప్పని నేను ఆ రోజు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. మెకానిక్ తీయమన్న ఫ్యూజునే తీశాను.

పోయింది అక్క ఇంటికి కాదు. నా చేను పక్కనున్న మక్కజొన్న చేన్లో గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. దోమలు కుడుతున్నా కదలలేదు.

బండి వచ్చింది. గట్టు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆయన మీట లాక్ మీదికి తిప్పి ఉంటాడు. దీపం ఎట్లాగూ వెలుగుతూనే ఉంటుంది. ఎండలో వెలిగి వెలిగి ఆయనకు అది అలవాటైపోయింది, వెలిగితే నాలుగూ గుంజుతున్నాయనే నమ్మకం. బండి చేన్లోకి దిగింది. నాలుగు బారలు పోయిందో లేదో ముందు చక్రాలు గిర్రున తిరిగాయి, నల్ల మట్టి ఉమ్మాయి, దిగబడ్డాయి. నేను వెనక చక్రాల మీదే కళ్లు పెట్టాను. పెద్దవి, కొత్తవి, అత్తారింటికి వచ్చిన అల్లుడిలా కదలకుండా కూర్చున్నాయి. ఆయన ఇంకా తొక్కాడు. బండి ముందు సగం పొట్ట దాకా కూరుకుపోయింది. మొగ్గ తొడుగుతున్న నా మొక్కలు చక్రాల కింద నలుగుతుంటే నా నోట్లోంచి చప్పుడు రాకుండా కొంగు కుక్కుకున్నాను.

తలుపులు తెరుచుకున్నాయి. ముగ్గురు దిగారు. మొదటాయన బూటు రేగడిలోనే ఉండిపోయి, మేజోడుతో కాలు పైకి వచ్చింది.

"ఇదేంటండీ, రోడ్డు పక్క బిట్టు అన్నారు కదా?" అన్నాడొకాయన.

"గట్టి నేలనే సార్, వాన వడ్డదని గిట్లయింది."

"వాన పడినప్పుడు ఇట్లా ఉంటే ఇక్కడ ప్లాట్లు ఎవరు తీసుకుంటారండీ? మట్టి తోలి నింపాలంటే ఎంత పని! మీరు నాలుగు చక్రాల బండి అని తీసుకొచ్చారు, అదే రావడం లేదు."

చెప్పులు చేత పట్టుకోవడం తెలియని మనుషులు బూట్లు చేత పట్టుకుని రోడ్డు దాకా నడిచి పోయారు. మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పుడు నేను మక్క చేన్లోంచి బయటికి వచ్చాను. మా ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని ఇంకా మీట అటూ ఇటూ తిప్పుతున్నాడు. నన్ను చూశాడు. ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత స్టీరింగ్ కింద మూత తీసి చూశాడు, తర్వాత నన్ను మళ్లీ చూశాడు.

"ఫ్యూజు నువ్వే తీసినవా?"

"తీసిన. నా చేను బేరం బెట్టింది నువ్వేనా?"

కొంగు ముడి విప్పి కాషాయ దారం ఆయన ఒళ్లో వేశాను. ఆయన దాన్ని వేళ్లకు చుట్టుకుంటూ కూర్చున్నాడు. పైన విమానం పోయింది, అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

"వెంచర్ బోర్డు మీద నా పేరు గూడ ఏస్తమన్నరు," అన్నాడు చివరికి. "పొద్దుగాల లేస్తే నాకు పోనీకి ఒక జాగ లేదు. నలుగుట్ల కూసుంటే నేను ఏం జేస్తనో చెప్పనీకి లేదు. నీకేం తెలుసు?"

"పోనీకి గీ చేను లేదా?"

"గిది నీది."

పెళ్లయి ఇన్నేళ్లలో ఈ చేను దున్నడానికి ఆయన వచ్చినప్పుడల్లా చుట్టంలా వచ్చి పోయాడని అప్పుడే తట్టింది. జాలి వేసింది. కానీ జాలితో పాటు కోపమూ తగ్గలేదు.

"నాది అని తెలిసి గూడ దారం వట్టినవ్ గదా," అన్నాను. "నాదైతే నన్నడగాలె. పందుల మీద పెట్టొద్దు."

పక్క చేను వాళ్ల ట్రాక్టర్‌ను నేనే పిలిపించాను. వెనక పెద్ద చక్రాలు, ముందు చిన్న చక్రాలు, కంప్యూటర్ లేదు కాబట్టి దానికి ఏ పరేషానూ లేదు. ఒక్క గుంజుకు బండిని గట్టు మీదికి తెచ్చింది. రెండు సాళ్ల చామంతి పోయింది. ఆ రెండు సాళ్లు ఖాళీగానే ఉంచాను, ఆయన కంటికి కనిపించాలని.

తర్వాత ఆయన చౌరస్తాకు పోవడం ఒక్కసారిగా మానలేదు. నేనూ ఫోన్ల మాటలు వినడం మానలేదు. కానీ కొన్నాళ్లకు ఒక పొద్దున చూస్తే బండికి నాలుగు టైర్లూ ఒక్కతీరుగా ఉన్నాయి. వాటి సంగతి ఆయన చెప్పలేదు, ఫ్యూజు ఇమ్మనీ అడగలేదు. బండి ముందు చక్రాలతోనే తిరిగింది. పూలు కోసే రోజుల్లో అడగకుండానే చేనుకు వచ్చి సంచులు కుట్టడం మొదలుపెట్టాడు. నేను సంచులు లెక్క చూసుకునేదాన్ని. అలవాటు ఎక్కడికి పోతుంది?

మరుసటేడు బతుకమ్మ పండుగ ముందు, పూలన్నీ కోసి చేన్లో సంచులు కట్టాక వాన దంచికొట్టింది. మార్కెట్ ఆటో అతను గట్టు దగ్గరే ఆగి, లోపలికి రానన్నాడు. పూలు ఆ పూట పోకపోతే కుళ్లిపోతాయి. ఆ ఏడు పంటంతా ఆ సంచుల్లోనే ఉంది. మా ఆయన గట్టు మీదున్న మా బండిని చూసి, నా ముఖం చూశాడు. నేను ఆ ఆటోలోనే ఇంటికి పోయి పోపుల డబ్బా తెరిచాను. ఫ్యూజు కాళ్లకు పసుపు పట్టింది. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని బిగిస్తే, ఇన్నాళ్లూ వెలుగుతున్న దీపం ఆరింది. మీట లాక్ మీదికి తిప్పాడు. దీపం వెలిగింది. నేను పక్క సీట్లో కూర్చున్నా దీపాన్ని చూడలేదు, కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాను. వెనక చక్రాలు నల్లటి మట్టిని ఉమ్ముతున్నాయి. అప్పుడు నమ్మాను. బండి నెమ్మదిగా, ఖాళీగా ఉంచిన ఆ రెండు సాళ్లు తప్పకుండా, ఒక్క మొక్కనూ తొక్కకుండా సంచుల దాకా పోయింది. నింపుకుని అదే దారిలో తిరిగి వచ్చింది.

ఇల్లు చేరాక నేను దిగి కాళ్లు కడుక్కుంటున్నాను. ఫ్యూజు మాట ఎట్లా ఎత్తాలా అని ఆలోచిస్తున్నాను. అడిగితే నొచ్చుకుంటాడు, అడగకపోతే నాకు నిద్ర పట్టదు. వెనక నుంచి తలుపు చప్పుడైంది. ఆయన స్టీరింగ్ కింద మూత తీసి, ఫ్యూజు ఊడదీసి, నా తడి చేతిలో పెట్టి లోపలికి పోయాడు.

ఆయన లోపలికి పోయేదాకా ఆగి, దాన్ని వెలుగులో పెట్టి చూశాను. కాళ్లకు పసుపు మరక అట్లాగే ఉంది. అదే ఫ్యూజు.